పెరటి తోటలో మొదటి మడి



వార్షికోత్సవ సంచికకు వ్యాసం కావాలని కబురు వచ్చినప్పుడు మొదట నా సబ్జెక్టులో నుంచే ఏదైనా రాద్దామనుకున్నాను. ఎమ్మెస్సీ వృక్షశాస్త్రం చదువుతున్నాను కాబట్టి కిరణజన్య సంయోగక్రియ గురించో, మొక్కల హార్మోన్ల గురించో నాలుగు పేజీలు రాయడం పెద్ద పని కాదు. కానీ అవి మీ పుస్తకాల్లో నాకన్నా బాగా రాసి ఉన్నాయి. అందువల్ల పుస్తకంలో చదివి, పరీక్షలో రాసి, మార్కులు కూడా తెచ్చుకుని, అయినా కళ్ళెదుట జరిగినప్పుడు గుర్తుపట్టలేకపోయిన ఒక విషయంతో మొదలుపెడతాను. పెరట్లో కూరగాయలు ఎన్నడూ పెంచనివారు ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం. చివరలో మన హాస్టల్ వెనక స్థలం గురించి ఒక లెక్క ఉంది. లెక్కలంటే భయపడేవాళ్ళు కూడా అది చదవండి. అవి మూడో తరగతి హెచ్చవేతలే.

నా మొదటి మడి

ఎమ్మెస్సీ మొదటి సంవత్సరం పరీక్షలు రాసి సెలవులకు ఇంటికి వెళ్ళాను. మాది పల్నాడు వైపు పల్లెటూరు. ఇంటి స్థలం రెండు సెంట్లు. ఇల్లు పోగా వెనక పది అడుగుల వెడల్పున కాస్త ఖాళీ ఉంది. అందులో కంపచెట్లు, ఇల్లు కట్టినప్పుడు మిగిలిన కంకర తప్ప ఏమీ లేవు. తొలకరి పడగానే దాన్ని బాగుచేసి కూరగాయలు పండిద్దామనే ఉత్సాహం వచ్చింది. మండలంలో విత్తనాల కొట్టుకు వెళ్ళి టమాటా, వంగ, మిరప, క్యాబేజి, క్యారెట్, బెండ, పాలకూర, మొత్తం ఏడు పొట్లాలు కొన్నాను. జూన్ నెలలో పల్నాడులో క్యారెట్ వేయడం ఏమిటని కొట్టు అతను కూడా అడగలేదు. క్యారెట్, క్యాబేజి చల్లటి వాతావరణం కోరే పంటలని నేను చదివే ఉన్నాను. అయినా పొట్లం మీద బొమ్మ బాగుంది.

కంకర ఏరి, నేల తవ్వి, చదును చేసి, ఏడు రకాలూ ఒకేసారి చల్లాను. ఉదయం రెండు బిందెలు, సాయంత్రం రెండు బిందెలు నీళ్ళు పోశాను. ఆరో రోజు మొలకలు వచ్చాయి. వాటిని చూసిన ఆనందం ఎలాంటిదో మాటల్లో చెప్పలేను. తొమ్మిదో రోజు ఉదయం చూస్తే టమాటా, వంగ నారు సగం పక్కకు వాలిపోయి ఉంది. ఎండకు వాడిపోయాయనుకుని ఇంకో రెండు బిందెలు పోశాను. మర్నాటికి మిగతా సగం కూడా పడిపోయింది.

అమ్మ చీకటితోనే కూలికి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేది. అందుకని ఆ మడిని సరిగా చూసింది పని లేని రోజునే. ఒక మొక్కను రెండు వేళ్ళతో పైకి లాగి, మొదలు దగ్గర గోధుమ రంగులో నీళ్ళు పట్టినట్టు మెత్తబడిన చోటు చూపించింది. "ఏందే ఇది, నారు పోశావా, నీళ్ళల్లో ముంచి చంపావా? మొదలు కుళ్ళింది చూడు. నారుకి కూడా ఊపిరాడాలని తెలీదా నీకు?" అంది.

ఆ రాత్రి నా నోట్సు తీసి చూశాను. పితియం అనే శిలీంధ్రం లాంటి సూక్ష్మజీవి, దానివల్ల వచ్చే నారుకుళ్ళు తెగులు, నేలలో నీరు నిలిచినప్పుడు దాని సిద్ధబీజాలు తోకల సహాయంతో నీటిలో ఈదుతూ లేత మొక్కల మొదలును చేరడం, అన్నీ నా దస్తూరీలోనే ఉన్నాయి. రంగు పెన్సిళ్ళతో వేసిన బొమ్మ కూడా ఉంది. ఆ ప్రశ్నకు నాకు మంచి మార్కులే వచ్చాయి. నారుకుళ్ళు అనే తెగులు అమ్మకు తెలుసు, పితియం అనే పేరు నాకు తెలుసు. రెండూ ఒకటేనని ఆ రోజు వరకు ఇద్దరిలో ఎవరికీ తెలియదు.

అమ్మ ఇరవై ఏళ్ళుగా మిరప రైతుల దగ్గర నారుమళ్ళు కట్టడానికి, నారు పీకడానికి, నాట్లు వేయడానికి కూలికి వెళ్తోంది. మాకు పొలం లేదు. ఆమె పోసిన నారంతా వేరేవాళ్ళ చేలల్లోకే వెళ్ళింది. మా పెరట్లో మడి కట్టడం ఆమెకూ అదే మొదటిసారి. ఇన్నాళ్ళూ ఎందుకు కట్టలేదని అడిగితే, కుళాయి వీధి చివర ఉందనీ, ఇంటికొచ్చేసరికి చీకటి పడుతుందనీ చెప్పింది. రెండో మడి ఇద్దరం కలిసి కట్టాం. ఇక్కడి నుంచి రాసేదంతా ఆ మడిలో నేర్చుకున్నదీ, దానికి నా పుస్తకాల్లో దొరికిన కారణాలూ.

మడి కట్టే పద్ధతి

మొదటిసారి పెంచేవారు పెరడంతా తవ్వకండి. ఒక్క మడి చాలు. 3 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు. 3 అడుగులే ఎందుకంటే, ఏ పక్కన కూర్చున్నా చెయ్యి మడి మధ్యదాకా అందుతుంది, లోపల కాలు పెట్టనక్కర్లేదు. మడిలో తొక్కకూడదు. తొక్కితే మట్టి గట్టిపడి వేళ్ళకు గాలి ఆడదు.

మడి ఎత్తు కనీసం అర అడుగు ఉండాలి. ఇది అన్నిటికన్నా ముఖ్యం. మాది నల్లరేగడి నేల. రేగడిలో బంకమట్టి పాలు ఎక్కువ. తడిస్తే ఉబ్బి సందులన్నీ మూసుకుపోతాయి, ఎండితే చెయ్యి పట్టేంత నెర్రెలిస్తుంది. వేళ్ళు కూడా శ్వాసిస్తాయి, వాటికీ ఆక్సిజన్ కావాలి. రేగడిలో నీళ్ళు నిలిస్తే అది అందదు. ఎత్తు మడిలో అదనపు నీరు పక్క కాలువలోకి దిగిపోతుంది. ఎర్రనేలల వాళ్ళకు ఈ బాధ తక్కువ, కానీ వాళ్ళ నేలలో తడి త్వరగా ఆరిపోతుంది కాబట్టి పశువుల ఎరువు ఎక్కువ కావాలి. ఇల్లు కట్టిన చోట మట్టిలో సిమెంటు, సున్నం పెళ్ళలు కలిసి ఉంటాయి. వాటిని ఓపికగా ఏరాలి. మరీ పనికిరాని నేల అయితే చెరువు మట్టో, చేలో మట్టో నాలుగు గంపలు తెచ్చి పైన పోసుకోవడం మేలు.

ఎరువు విషయంలో చాలామంది చేసే పొరపాటు పచ్చి పేడ వేయడం. పచ్చి పేడ నేలలో కుళ్ళేటప్పుడు వేడి పుడుతుంది, లేత వేళ్ళు దెబ్బతింటాయి. దానికి తోడు చెదలు వస్తాయి, అందులోని గడ్డి విత్తనాలన్నీ మొలుస్తాయి. బాగా చివికి, నల్లగా పొడిపొడిగా అయిన ఎరువే వేయాలి. మా వైపు దిబ్బ ఎరువంటారు, తెలంగాణలో పెంట అంటారు, ఉత్తరాంధ్ర అమ్మాయిలు గత్తం అంటారు. ఏ పేరైనా వాసన రాకూడదు, అదే గుర్తు. రైతులకు ఎకరానికి 10 టన్నులు వేయమని చెబుతారు. ఆ లెక్కన మన 24 చదరపు అడుగుల మడికి ఐదారు కిలోలు, అంటే ఒక గంప. పైన పిడికెడు వేప పిండి కలిపితే ఇంకా మంచిది.

ఎండ మాట మరచిపోయాను. కాయగూరలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. ఆకుకూరలు నాలుగు గంటలతో సరిపెట్టుకుంటాయి. గోడ నీడ ఏ వేళకు ఎక్కడ పడుతుందో ఒకరోజు కూర్చుని చూడండి. ఆదివారం పూట బట్టలు ఉతుక్కుంటూ చూడవచ్చు.

నీళ్ళు

మొదటిసారి తోట వేసేవాళ్ళ మొక్కలు ఎక్కువగా చచ్చిపోయేది నీళ్ళు లేక కాదు, నీళ్ళెక్కువై. ఎందుకంటే మనకు చేతనైన పని అదొక్కటే. ఉత్సాహం ఉంది, చెంబు ఉంది, పోస్తాం.

పోసే ముందు వేలు మట్టిలోకి రెండో కణుపు దాకా గుచ్చి చూడండి. లోపల తడి తగిలితే ఆ రోజు పోయనక్కర్లేదు. పైన పొడిగా కనిపించినా సరే. వేసవిలో ఒక మడికి రోజుకు ఒక బిందె, చలికాలంలో అర బిందె సరిపోతుంది. ఉదయం పూట పోయడం మంచిది. సాయంత్రం పోస్తే రాత్రంతా ఆకులు, మొదళ్ళు తడిగా ఉండి శిలీంధ్రాలకు అనువుగా ఉంటుంది. బిందెతో గుమ్మరిస్తే చిన్న విత్తనాలన్నీ ఒక మూలకు కొట్టుకుపోతాయి. అమ్మ చేత్తో చిలకరించేది. నేను పాత ప్లాస్టిక్ సీసా మూతకు సూదితో చిల్లులు పెట్టాను. ఆ ఒక్క విషయంలో నా పద్ధతే బాగుందని ఒప్పుకుంది.

మొలక వచ్చేదాకా మడి మీద పలచగా వరిగడ్డి పరిస్తే తడి ఆరదు, పిట్టలు గీరవు. మొలకలు కనిపించగానే సాయంత్రం పూట గడ్డి తీసేయాలి. తీయడం ఆలస్యమైతే నారు పాలిపోయి సన్నగా సాగుతుంది.

నీటి ఎద్దడి ఉన్న ఇళ్ళలో కూరగాయలు, బియ్యం కడిగిన నీళ్ళు నేరుగా మడికి పోయవచ్చు. సబ్బు నీళ్ళు మాత్రం ఆకుకూరలకు వద్దు. అవి అరటికో, కొబ్బరికో మళ్ళించండి. మా ఇంట్లో బియ్యం కడుగు, కూరలు కడిగినవి కలిపి ఒక కుండలో పోసి ఉంచేవాళ్ళం. చలికాలంలో మడి అవసరం చాలావరకు దానితోనే తీరింది. వీధి కుళాయికి ప్రత్యేకంగా వెళ్ళింది తక్కువే.

ఏం వేయాలి?

మొదటి పంట తోటకూర వేయండి. దీనికి నా దగ్గర నాలుగు కారణాలున్నాయి. 25 నుంచి 30 రోజుల్లో కోతకు వస్తుంది, కాబట్టి తప్పు చేసినా నెలలో మళ్ళీ మొదలుపెట్టవచ్చు. ఏడాదంతా పెరుగుతుంది. వేసవి ఎండకు భయపడదు. కిరణజన్య సంయోగక్రియలో సి4 మొక్కలని చదివారే, తోటకూర ఆ జాతిదే. జొన్న, మొక్కజొన్నల్లాగా వేడిలోనూ బాగా పెరుగుతుంది. నాలుగోది, నారు పోసి నాటే పని లేదు.

దీని విత్తనం ఆవగింజకన్నా చిన్నది. నేరుగా చల్లితే ఒకచోట గుత్తులుగా, ఇంకోచోట ఖాళీగా పడుతుంది. అందుకని రెండు మూడు చిటికెల విత్తనాన్ని రెండు దోసిళ్ళ పొడి ఇసుకలో కలిపి, మడి అంతా సమానంగా చల్లాలి. పైన పలచగా మట్టి కప్పాలి. ఏ విత్తనాన్నైనా దాని మందానికి రెండు మూడు రెట్ల లోతులో వేయాలనేది గుర్తుంచుకుంటే చాలు. బెండ గింజను వేలు కణుపంత లోతులో వేస్తాం, తోటకూరను అంత లోతులో వేస్తే పైకి రాలేదు. చల్లిన రోజే చీమలు వరుస కట్టి విత్తనాలు మోసుకుపోతాయి. మడి చుట్టూ బూడిద గీత గీయండి.

మూడో వారంలో ఒత్తుగా ఉన్నచోట మొక్కలు పీకి పలచన చేయాలి. పీకిన లేత మొక్కలే మీ మొదటి కూర. మిగిలినవి జానెడు దాటాక, కింద రెండు మూడు కణుపులు వదిలి పైది కోయండి. కొన మొగ్గ పోగానే ఆకు మొదళ్ళలో ఉన్న పక్క మొగ్గలు చిగురిస్తాయి. ఇంటర్‌లో అగ్రాధిక్యత అని నేర్చుకున్నది ఇదే. అలా ఇంకో రెండు కోతలు వస్తాయి.

తోటకూర చేతికొచ్చాక గోంగూర, పాలకూర, మెంతికూర, చుక్కకూర వేయవచ్చు. మెంతులు, ధనియాలు కొట్లో కొననక్కర్లేదు, పోపుల డబ్బాలోవి మొలుస్తాయి. అనుమానం ఉంటే పది గింజలు తడిగుడ్డలో చుట్టి నాలుగైదు రోజుల తర్వాత ఎన్ని మొలిచాయో చూడండి. ధనియాలకు కొంచెం ఎక్కువ రోజులు ఇవ్వాలి. ధనియం ఒక గింజ కాదు, రెండు గింజలు అతుక్కుని ఉన్న కాయ. నేల మీద చెప్పుతో మెల్లగా రుద్దితే రెండుగా విడిపోతుంది. ఒక రాత్రి నానబెట్టి వేయాలి. కొత్తిమీర చలికాలపు పంట, ఏప్రిల్‌లో వేసి రాలేదని బాధపడకండి. కొట్లో కొనే విత్తనాలు గులాబీ రంగులోనో, నీలం రంగులోనో ఉంటే వాటికి మందు పట్టించారని అర్థం. మిగిలాయని వండుకోకూడదు, కోళ్ళకు వేయకూడదు, వేశాక చేతులు కడుక్కోవాలి.

కాయగూరల్లో బెండ సులువు. 45 నుంచి 50 రోజుల్లో మొదటి కాయ వస్తుంది. గోరుచిక్కుడు కూడా అంతే, అది నీరు తక్కువైనా ఓర్చుకుంటుంది. టమాటా, వంగ, మిరపలను నారు పోసి, నెల రోజుల తర్వాత పీకి నాటాలి. వాటి జోలికి రెండో పంటలోనే వెళ్ళండి. రకాల విషయానికొస్తే, బెండలో అర్క అనామిక, టమాటాలో పూసా రూబీ వంటి సూటి రకాలు తీసుకుంటే మన మొక్క నుంచే విత్తనం కట్టుకోవచ్చు. సంకర రకాల గింజలు మళ్ళీ వేస్తే తల్లి మొక్క లక్షణాలన్నీ రావు. ప్రతిసారీ కొనాల్సిందే.

పూత రాలిపోతే

పాదులు పెట్టినవాళ్ళు అందరూ చెప్పే ఫిర్యాదు ఇది. సొరపాదు గోడంతా పాకింది, పూలు విరగబూశాయి, అన్నీ రాలిపోయాయి, కాయ లేదు. మా పక్కింటి పిన్ని అయితే దిష్టి తగిలిందని పాదుకు చీపురు కట్టింది.

సొర, బీర, కాకర, గుమ్మడి పాదులకు మగపూలు, ఆడపూలు వేరువేరుగా పూస్తాయి. ముందు వచ్చేవి మగపూలే. అవి పూసి రాలిపోవడం సహజం. పది పదిహేను రోజుల తర్వాత ఆడపూలు వస్తాయి. పువ్వు కింద వేలెడంత పిందె ఉంటే అది ఆడపువ్వు. ఆ పిందె కూడా పసుపు రంగుకు తిరిగి రాలిపోతుంటే పుప్పొడి అందలేదని అర్థం. అప్పుడు మనమే మగపువ్వు కోసి, రేకులు తీసేసి, మధ్యనున్న పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో తాకించాలి. గుమ్మడి, కాకర తెల్లవారుజామున పూస్తాయి కాబట్టి ఉదయమే చేయాలి. సొర, బీర పూలు సాయంత్రం విచ్చుకుంటాయి, వాటికి సంజెవేళ చేయాలి. నేను మొదట సొరకు ఉదయం పదింటికి ప్రయత్నించాను. పువ్వులు అప్పటికే వాడిపోయి ఉన్నాయి.

పాదు చిక్కుడుది ఇంకో కథ. మన నాటు రకాలు చాలావరకు పగటి పొద్దు తగ్గితేనే పూస్తాయి. జూన్, జూలైలో వేస్తే నాలుగు నెలలు ఆకు తప్ప ఏమీ ఉండదు. విసుగొచ్చి సెప్టెంబరులో పీకేస్తారు. ఇంకో రెండు నెలలు ఓపిక పడితే చలికాలమంతా కాస్తుంది.

పూతే రాకుండా ఆకు మాత్రం ముదురు పచ్చగా గుబురుగా పెరుగుతుంటే యూరియా ఎక్కువైందన్నమాట. అప్పుడు ఎరువు ఆపేయడం తప్ప చేసేదేమీ లేదు.

పురుగులు, మందులు

రోజూ ఐదు నిమిషాలు ఆకుల అడుగు భాగం చూడటమే అసలు మందు. పేనుబంక కనిపిస్తే నీళ్ళు గట్టిగా కొట్టి కడిగేయడం, తడి ఆకుల మీద బూడిద చల్లడం సరిపోతుంది. వంగలో కొమ్మ కొన ఒక్కటే వాడి వేలాడుతుంటే లోపల పురుగు తొలుస్తోందని అర్థం. వాడిన చోటికి కింద తుంచి, కాల్చేయాలి. బెండ ఆకుల ఈనెలు పసుపు రంగుకు మారితే అది పల్లాకు తెగులు. తెల్లదోమ వల్ల వ్యాపిస్తుంది, మందు లేదు, ఆ మొక్కను పీకేయాలి. మిరప ఆకులు పైకి ముడుచుకుంటే తామర పురుగులు, కిందికి ముడుచుకుంటే నల్లి. ఇది కూడా అమ్మ దగ్గర నేర్చుకున్నదే, తర్వాత పుస్తకంలో చూస్తే అలాగే ఉంది.

పిచికారీకి వేప చాలు. వేపనూనె లీటరు నీటికి 5 మిల్లీలీటర్లు, కలవడానికి కాస్త సబ్బు నీరు. లేదా వేప గింజల పప్పు 50 గ్రాములు పొడి కొట్టి, లీటరు నీటిలో రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడగట్టి సాయంత్రం చల్లాలి. జూన్, జూలైలో చెట్టు కింద రాలిన వేపపండ్లు ఏరి, నీడలో ఆరబెట్టి దాచుకుంటే ఏడాదికి సరిపోతాయి. నారుకుళ్ళు మొదలైతే ముందు నీళ్ళు ఆపాలి, తర్వాత కాపర్ ఆక్సీక్లోరైడ్ లీటరుకు 3 గ్రాములు కలిపి మొదళ్ళు తడపాలి. ఎత్తు మడి కట్టుకున్నాక మాకు ఆ అవసరం రాలేదు.

ఇంకో మాట. మన ఇళ్ళల్లో చాలామంది పెద్దవాళ్ళు పత్తి, మిరప చేలల్లో పనిచేస్తారు. చేలో మిగిలిన మందు ఇంట్లో ఉంది కదా అని తోటకూర మీద కొట్టకండి. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడటం మన దేశంలో 2005లోనే నిషేధించారు. ఖాళీ మందు డబ్బాలు ఎంత కడిగినా మొక్కలు పెంచడానికి గానీ, నీళ్ళు పోయడానికి గానీ వాడవద్దు. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో ఒక బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ కలవడమే కారణం. వాళ్ళు కూడా మనలాగే పళ్ళేలు పట్టుకుని వరుసలో కూర్చున్న పిల్లలు.

హాస్టల్ వెనక ఒక సెంటు

ఇప్పుడు లెక్క. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2011లో ఇచ్చిన ఆహార సూచనల ప్రకారం మనిషికి రోజుకు కనీసం 50 గ్రాముల ఆకుకూర కావాలి. ఆడపిల్లల్లో రక్తహీనత ఎక్కువని మీకు ఐరన్ మాత్రలు ఇచ్చేటప్పుడు చెప్పే ఉంటారు. ఆకుకూరల్లో ఇనుము ఉన్నా అది ఒంటికి పట్టడానికి సి విటమిన్ తోడు కావాలి. అందుకని తోటకూర పప్పులో నిమ్మకాయ పిండుకోండి.

హాస్టల్లో 100 మంది ఉన్నారనుకుందాం. ఒక పూటకు 50 గ్రాముల చొప్పున 5 కిలోలు కావాలి. మా పెరట్లో 3 అడుగులు, 8 అడుగుల మడిలో మొదటి కోత తూకం వేయిస్తే 1 కిలో 900 గ్రాములు వచ్చింది. అంటే ఒక పూటకు మూడు మడులు. ఒక మడి కోతకు రావడానికి నాలుగు వారాలు పడుతుంది కాబట్టి, ప్రతి వారం కోయాలంటే వారానికి మూడు మడుల చొప్పున విత్తుతూ పోవాలి. మొత్తం 12 మడులు. నడవడానికి ఒక అడుగు దారితో కలిపి ఒక్కో మడికి 4 అడుగులు, 9 అడుగుల స్థలం, అంటే 36 చదరపు అడుగులు. పన్నెండు మడులకు 432. ఒక సెంటు అంటే 435.6 చదరపు అడుగులు.

కాబట్టి ఒక్క సెంటు నేలలో వారానికి ఒక పూట వంద మందికీ ఆకుకూర పెట్టవచ్చు. అంతకన్నా ఎక్కువ చెప్పి ఆశ పెట్టను. మిగతా రోజుల కూరలు బజారు నుంచే రావాలి. రెండో కోత, మూడో కోత కలిపితే ఇంకా ఎక్కువే వస్తుంది గానీ, కొత్తవాళ్ళ చేతిలో కొన్ని మడులు పాడవుతాయి, దానికి దీనికి సరి. వంటగదిలో బియ్యం, కూరగాయలు కడిగిన నీళ్ళు కాలువలోకి పోతున్నాయి. అవి మడులకు మళ్ళితే బోరు నీళ్ళు తక్కువే వాడాల్సి వస్తుంది.

హాస్టల్లో తోట వేయడంలో అసలు చిక్కు సెలవులు. ఏప్రిల్ చివర మీరు ఇళ్ళకు వెళ్తే జూన్ దాకా నీళ్ళు పోసేవాళ్ళుండరు. దసరాకు, సంక్రాంతికి కూడా కొన్ని రోజులు అంతే. వంగ, మిరప లాంటి నెలల తరబడి ఉండే పంటలు ఇక్కడ నిలవవు. నేను ఆరో తరగతిలో ఉన్నప్పుడు మా గది ముందు ఎవరో అక్కలు వేసిన వంగమొక్కలు వేసవి సెలవుల తర్వాత ఎండుపుల్లలై కనిపించాయి. అందుకే నెలలో చేతికొచ్చే ఆకుకూరలు. ఫిబ్రవరి నెలాఖరులో విత్తితే మార్చి చివరకు కోత, కింద వదిలిన మోళ్ళు చిగురిస్తే సెలవుల్లోపు ఇంకో కోత. పదో తరగతి చెల్లెళ్ళు మాత్రం దీన్ని చదివి పక్కన పెట్టండి. మార్చిలో మీకు వేరే పంట కోయాల్సి ఉంది.

పట్నంలో ఉన్న అక్కలకు

అద్దె గదుల్లో, అపార్టుమెంట్లలో ఉంటున్న అక్కలు నేల లేదని వదిలేయకండి. సిమెంటు గోతాం సగానికి మడిచి, దులిపి కడిగి, ఎరువు కలిపిన మట్టి నింపితే ఒక గోతాంలో ఒక బెండ మొక్కో, వంగ మొక్కో వస్తుంది. పగిలిన బకెట్లు, వంటనూనె డబ్బాలు కూడా పనికొస్తాయి. అడుగున నాలుగైదు చిల్లులు తప్పనిసరి, చిల్లుల మీద పెంకు ముక్కలు వేస్తే మట్టి కారదు. మట్టి ఒక వంతు, ఎరువు ఒక వంతు, ఇసుకో కొబ్బరి పొట్టో ఒక వంతు కలిపితే బరువు తగ్గుతుంది. తడిసిన మట్టి చాలా బరువుంటుంది కాబట్టి మేడ మీద మధ్యలో కాకుండా గోడల వెంబడి పెట్టండి. ఇంటివాళ్ళను ముందే అడగండి, తర్వాత గొడవలెందుకు. కుండీలో మట్టి త్వరగా ఆరిపోతుంది, ఇక్కడ మాత్రం వేసవిలో రెండు పూటలా నీళ్ళు కావాలి. అయినా వేలు గుచ్చి చూశాకే పోయండి.

విత్తనం

విత్తనం కోసం మా మడి మూలన రెండు మొక్కలు కోయకుండా వదిలేశాం. అవి నడుమెత్తు పెరిగి కంకులు వేశాయి. కంకులు ఎండుముఖం పట్టగానే అమ్మ వాటిని కోసి, గోనెపట్టా మీద ఆరబెట్టి, దులిపి, చాటలో చెరిగింది. నల్లగా మెరిసే గింజలు పిడికెడు వచ్చాయి. వాటిని పాత గుడ్డలో మూట కట్టి, పురుగు పట్టకుండా నాలుగు వేపాకులు వేసి నా చేతికిచ్చింది. "మీ హాస్టల్లో పిల్లలకియ్యి. నీళ్ళు తక్కువ పొయ్యమని చెప్పు" అంది.

ఆ మూట ఈ వ్యాసంతో పాటే పంపుతున్నాను. వంటగదిలో ఆయమ్మ దగ్గర ఉంటుంది, అడిగి తీసుకోండి. ఇసుకలో కలపడం మరచిపోకండి.